వేలెడు ఖాళీ

కార్తీక బహుళ చతుర్దశి, గురువారం, ఉదయం పదకొండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. మాసశివరాత్రి ఉపవాసంలో ఉన్నదాన్ని, పొద్దు ఎంతయిందోనని షెడ్డు గోడ మీది గడియారం చూశాను. అందుకే ఇంత కచ్చితంగా రాయగలుగుతున్నాను. సరిగ్గా అప్పుడే దస్తగిరి మా నాయనను ఆ మాట అడిగాడు.

"మేస్త్రీ, అతుకు ఉంటేనే గదా ఊడేది? అసలు అతుకే లేకుండా చేస్తే?"

మా నాయన కాళహస్తాచారి గిద్దలూరులో నంద్యాల రోడ్డు పక్కన నలభై ఏళ్ళు షెడ్డు నడిపారు. లారీలకు బజారులో దొరకని పైపులు కొలత తీసి, వంచి, అతికి బిగించడం ఆయన పని. అడిగినదానికి వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చెయ్యి, చూద్దాం" అనేవారు. ఆ రోజూ అంతే అన్నారు.

ఎదురుగా నిలబడి ఉన్న లారీ మా తమ్ముడు మౌనేశ్వరానిది. వాడి పేరులోనే గానీ మౌనం నోటిలో లేదు. "నిన్ను కన్నప్పుడు మంత్రసాని మైకుసెట్టు మింగించినట్టుందిరా" అని దస్తగిరి ఏడిపించేవాడు. పదకొండేళ్ళుగా నాయన దగ్గర పని నేర్చుకున్న దస్తగిరి, తమ్ముడు, ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒక కంచంలో తిన్నవాళ్ళు.

ఆ లారీకి టర్బో ఉంది. టర్బో గాలిని నొక్కి పంపుతుంది. నొక్కిన గాలి కాగిపోతుంది కాబట్టి ముందు ఇంటర్‌కూలర్‌లోకి పోయి, చల్లారి, ఆపైన ఇంజనుకు చేరాలి. ఆ దారిలోని పైపులు తుప్పుపడితే జ్యేష్ఠంలో దస్తగిరే కొత్తవి చేశాడు. పైపుకూ పైపుకూ నడుమ రబ్బరు గొట్టం తొడిగి, క్లిప్పులతో బిగిస్తారు. రబ్బరు జారకుండా పైపు మూతి చుట్టూ సన్నటి గట్టు కట్టాలి. అది మా నాయన ఎప్పుడూ తప్పని పద్ధతి. జ్యేష్ఠంలో ఆ పని జరిగిన రోజుకు మర్నాడు అమావాస్య. మా షెడ్డులో అమావాస్య నాడు నిప్పు ముట్టించరు, సుత్తి ఎత్తరు. బండి ఆ సాయంత్రానికే అందాలని దస్తగిరి ఒక్క మూతికి గట్టు కట్టకుండానే రబ్బరు తొడిగి బిగించేశాడు.

నల్లమల కనుమ ఎక్కుతుండగా ఆ రబ్బరే ఊడింది. బండి లాగలేదు. తమ్ముడు మలుపులో ఆపి, దిగి, ముందు వైపు వంగి చూస్తున్నాడు. వెనక నుంచి వచ్చిన వాహనం వాణ్ణి చూడలేదు. అంతే. అంతకు మించి ఈ చేత్తో రాయలేను.

ఆ తరువాత దస్తగిరి షెడ్డుకు వచ్చి తల వంచుకుని పని చేసి పోయేవాడు. మా గడప తొక్కలేదు. మా ఇంట అమావాస్య పొద్దున పనిముట్లు కడిగి బొట్టు పెట్టి, షెడ్డువాళ్ళూ ఇంటివాళ్ళూ ఒక వరసలో కూర్చుని తినడం తాతల నాటి ఆచారం. ఏడాది దాకా పండగలు లేకపోయినా అది మాత్రం మానలేదు. వరసగా నాలుగు అమావాస్యలు దస్తగిరి రాలేదు. మా అమ్మ వాణ్ణి రమ్మనలేదు, వాడి పేరు కూడా ఎత్తలేదు. పోలీసు స్టేషను నుంచి విడిపించుకొచ్చిన లారీకి పైపులు మార్చడమే తన ఆఖరి పని అనీ, ఆ తరువాత చేతికి ఇనుము తగలనివ్వననీ, బళ్ళారిలో అన్న దగ్గరికి పోతాననీ వాడు నాయనతో ముందే చెప్పాడు. కొడుకు పోయిన ఇంట్లో ఆయనకు మిగిలిన చేయి వాడొక్కడే.

వాడు అన్నంత పనీ చేశాడు. టర్బో మూతి నుంచి ఇంటర్‌కూలర్ మెడ దాకా రబ్బరన్నది లేకుండా ఒకే పైపుగా వెల్డింగు పెట్టేశాడు. వెల్డింగు పెట్టిన చోటల్లా వేలితో రాసి చూసుకున్నాడు. అంత అందమైన పని నేను నాయన చేతిలో కూడా చూడలేదు.

"ఇంక ఊడే చోటే లేదు మేస్త్రీ" అన్నాడు.

"ఇంజను వెయ్యి."

ఇంజను వేశాడు. నాయన స్టూలు లాక్కుని ముందు కూర్చుని, "రేజు చెయ్యి" అన్నారు. వాడు యాక్సిలరేటరు తొక్కాడు. "ఇంకా." అరగంట అట్లాగే సాగింది. నేను ఇద్దరికీ మజ్జిగ తెచ్చి నిలబడ్డాను. నాయన సబ్బు నీళ్ళలో గుడ్డ ముంచి, ఇంటర్‌కూలర్ మెడ దగ్గర పిండారు. వెంట్రుక మందాన పగులు గీత. ఆ గీత పొడుగునా బుడగలు లేచాయి.

దస్తగిరి దిగి వచ్చి చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు.

"నా చేతిలోనే ఉంది మేస్త్రీ పాపం. ఆ రోజు గట్టు కట్టకుండా పంపింది నేనే."

ఐదు నెలలుగా నా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "తొందర పెట్టింది నేను, దస్తగిరీ. రేపు అమావాస్య, ప్రయాణం మంచిది కాదు, ఈ పూటే దాటిపోరా అని నేనే తమ్ముడి వెంటపడ్డాను."

నాయన మా ఇద్దరినీ చూశారు. నీది కాదులే అని ఆయన ఎవరినీ ఊరడించలేదు.

"మూతి చూడకుండా పొమ్మన్నవాణ్ణి నేను" అన్నారు. తరువాత దస్తగిరి చెయ్యి పట్టుకుని లేపి, ఒక అరచేయి ఇంజను మీద, ఒక అరచేయి ఇంటర్‌కూలర్ మీద పెట్టించారు.

"ఏం తెలుస్తా ఉంది?"

"ఇది వణుకుతా ఉంది. అది వణకడం లేదు."

"వణికేదాన్నీ వణకనిదాన్నీ ఒకటిగా అతికినావు. షెడ్డులో నిలబెట్టుకునే బండికైతే ఇది చాలు. దూరం పోవాల్సిన బండికి చాలదు." రంపం తీసి వాడి చేతికిచ్చారు. "గట్టు కట్టకపోవడం నీ తప్పు. దానికి మందు గట్టు కట్టడం. అతుకే తీసేయడం కాదు."

దస్తగిరి తన పనిని తానే రెండుగా కోశాడు. కోస్తున్నంతసేపూ వాడి కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం వంకర పోలేదు. రెండు మూతులకూ గట్టు కట్టాడు. నాయన తన చూపుడు వేలు అడ్డం పెట్టి, మూతికీ మూతికీ నడుమ అంత ఎడం ఉంచి రబ్బరు తొడిగించారు. మళ్ళీ ఇంజను వేస్తే రబ్బరు అటూ ఇటూ కదిలింది. ఇంజను వణుకు అవతలి పైపుకు చేరలేదు. ఈసారి సబ్బు నీళ్ళకు బుడగ రాలేదు.

బళ్ళారి మాట ఇద్దరూ ఎత్తలేదు. వాడు పనిముట్లు తుడిచి పెట్టెలో పెట్టి, పెట్టె ఇంటికి తీసుకుపోకుండా అక్కడే వదిలి వెళ్ళాడు.

మర్నాడు అమావాస్య. పొద్దున్నే నేను స్నానం చేసి సుత్తులకూ పట్టకార్లకూ బొట్టు పెట్టాను. అమ్మ కట్టెపొంగలి వండి వరసగా విస్తళ్ళు వేసింది. మొదట నాయన, తరువాత అమ్మ, తరువాత ఎప్పుడూ తమ్ముడు కూర్చునే చోటు. అక్కడ విస్తరి వెయ్యలేదు. ఆ ఖాళీకి అవతల ఒక విస్తరి వేసింది. దస్తగిరి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాలేక నిలబడ్డాడు.

"కాళ్ళు కడుక్కోరా. ఆరిపోతా ఉంది" అంది అమ్మ. ఐదు నెలల తరువాత వాడితో ఆమె అన్న మొదటి మాట అది.

వాడు వచ్చి కూర్చున్నాడు. చంటిదాన్ని ఎత్తుకుని వచ్చిన తమ్ముడి పెళ్ళాం, మా మరదలు, ఆ ఖాళీ చూసింది. చూడలేక, దస్తగిరిని ఇటు జరగమని చెయ్యి ఊపింది. వాడు విస్తరి పట్టుకుని లేవబోయాడు.

నాయన తల ఎత్తకుండానే అన్నారు:

"జరగబాక. ఆ చోటు అట్నే ఉండనీ. మనం దూరం పోవాల్సినోళ్ళం."