గుంజకు కట్టిన గజ్జెలు

మద్దిలేటి అడుగు తప్పడు. ఈ మాట ఊరంతా ఒప్పుకుంటుంది. ఊరికంటే ముందు మద్దిలేటే ఒప్పుకుంటాడు. కోలాటంలో గురువు నేర్పిన ఇరవై నాలుగు కోపులూ అతనికి కొట్టిన పిండి. ఏ కోపులో ఏ కాలు ముందు పడాలో, కోల ఎప్పుడు లేవాలో, నడుం ఎటు తిప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు.

అయినా గజ్జెపూజ తొమ్మిది రోజులుందనగా హుసేనయ్య గురువు పదిహేను మంది పేర్లు చెప్పి ఆగిపోయాడు. పదహారో పేరు చెప్పలేదు.

గజ్జెపూజ అంటే మాటలు కాదు. నేర్చుకున్నది చాలు, ఇక ఊరి ముందు ఆడొచ్చు అని గురువు ఒప్పుకున్న రోజు. ఆ రోజు ఆయనే వంగి ఒక్కొక్క శిష్యుడి కాలికీ గజ్జె కడతాడు. అందాకా ఎంత బాగా ఆడినా వట్టి కాళ్ళే.

అది నాపరాళ్ళ గనులున్న ఊరు. సగం మందిది సేద్యం, సగం మందిది బండ పని. శెనక్కాయ పంట ఇంటికొచ్చాక పదహారు మంది పెద్దమనుషులు చావిడి ముందు కూర్చుని, "పొద్దుగూకితే పేకముక్కలు తప్ప మనకింకేముందప్పా, కోలాటం నేర్చుకుందాం" అనుకున్నారు. అనుకుని మూడూళ్ళ అవతలి నుంచి హుసేనయ్యను పిలుచుకొచ్చారు. డెబ్బై దాటిన దూదేకుల ముసలాయన. రాముడి పాట ఎత్తుకున్నాడంటే గోడ మీద కోడి కూడా కదలదు. గురువుకు వంతుల మీద భోజనం, రోజుకొక శిష్యుడి ఇంట్లో.

పదిహేను మంది సరదాకు నేర్చుకున్నారు. మద్దిలేటి మాత్రం పంతం పట్టి నేర్చుకున్నాడు. దానికో కారణముంది. పన్నెండో ఏటే వాళ్ళ నాయన చేతికి సుత్తి ఇచ్చి గనిలో దింపాడు. ఆ రోజుల్లో సాయంత్రం ఊళ్ళో కోలాటం ఆడుతుంటే చూద్దామని వచ్చి, అలసటతో గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. ఆ గజ్జెల చప్పుడు ముప్పై అయిదేళ్ళుగా అతని చెవుల్లోనే ఉంది. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

అందుకే రోజూ కోడి కూతకు లేచి, గనికి పోయే ముందు, ఇంటి వెనక కొట్టంలో ఒక్కడే సాధన చేసేవాడు. కోలాటానికి జత కావాలి కదా, తెల్లవారుజామున జత ఎక్కడ దొరుకుతుంది? కొట్టం గుంజనే జతగాడిని చేసుకున్నాడు.

చావిడి ముందు అతనికి జత సెలూన్ రంగన్న. పాపం రంగన్న! మూడు కోలలు విరిగాయి. బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఆ వేలితో సర్పంచి గడ్డం గీస్తూ గాటు పెట్టి చీవాట్లు తిన్నాడు.

"అన్నా, ఇది కోలాటమా, కొట్లాటా?" అన్నాడు ఒకరోజు ఏడుపు ముఖంతో.

"తాళానికి నీ కోల రాకపోతే నేనేం చేసేది?" అన్నాడు మద్దిలేటి.

సరే, పేర్లు చెప్పడం అయింది. అందరూ కోలలు మూటగట్టుకుని ఇళ్ళకు పోయారు. మద్దిలేటి మాత్రం కదల్లేదు.

"సామీ, నా పేరు మర్చిపోయినావు."

"మర్చిపోలేదప్పా."

"అయితే నేను తప్పిన అడుగు ఒక్కటంటే ఒక్కటి చూపించు. చూపిస్తే ఈ కోలలు పొయ్యిలో పెడతా."

"నువ్వు తప్పిన అడుగు నేను కూడా చూడలేదు" అన్నాడు హుసేనయ్య.

"మరి?"

"రేపు నా కూడు మీ ఇంట్లోనే కదా. పొద్దున్నే వస్తాలే."

అన్నట్టే తెల్లారకముందే వచ్చాడు, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని. మద్దిలేటి ఆయనను నేరుగా కొట్టంలోకి తీసుకుపోయాడు.

"ఇదే సామీ నా బడి" అని గుంజ చూపించాడు.

వేపకర్ర గుంజ. రొమ్ము ఎత్తున రెండు పక్కలా దెబ్బలకు సొట్టలు పడి నున్నగా మెరుస్తోంది. ముసలాయన ఆ సొట్టలో వేలు పెట్టి తడిమాడు.

"ఎన్నాళ్ళాయ?"

"ఆరు నెలలు. జరమొచ్చినప్పుడు గూడా మానలేదు."

"ఏదీ, ఆడు చూస్తా."

మద్దిలేటి ఆడాడు. గడ్డిమోపు మీద కూర్చుని గురువు పాట ఎత్తుకుంటే ఒకటి కాదు, రెండు కాదు, ఎనిమిది కోపులు గుంజ చుట్టూ ఆడాడు. ఎక్కడ పడాల్సిన దెబ్బ అక్కడే పడింది. చెమటలు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది.

హుసేనయ్య లేచాడు. సంచిలోంచి ఒక జత గజ్జెలు తీశాడు.

మద్దిలేటి గుండె పొంగింది. గబగబా పంచె పైకి ఎగదోపి కుడికాలు ముందుకు చాపాడు.

గురువు ఆ కాలు దాటుకుని పోయాడు. పోయి, వంగి, గజ్జెలు గుంజ మొదట్లో కట్టాడు. ఒక ముడి వేసి, జారిపోతుందేమోనని లాగి చూసి, ఇంకో ముడి వేశాడు. కట్టి గుంజకు దండం పెట్టాడు.

"సామీ!"

"అడుగు తప్పనోళ్ళకు గజ్జె కట్టాలంటివి కదప్పా. ఆరు నెలలుగా ఇది ఒక్క అడుగు గూడా తప్పలేదు. ఒకరి వేలు గూడా నలగ్గొట్టలేదు."

అని చేతులు కడుక్కుని, "కుళ్ళాయమ్మా, రొట్టె పెడతావా తల్లీ?" అని మద్దిలేటి భార్యను కేకేస్తూ ఇంట్లోకి పోయాడు. రెండు జొన్నరొట్టెలు ఊరుబిండి పచ్చడితో తిని, ఊరుబిండి చాలా బాగుందని మెచ్చుకుని మరీ వెళ్ళిపోయాడు.

మద్దిలేటికి ఒళ్ళు మండిపోయింది. ఆ గజ్జెలు పీకి పారేద్దామని చెయ్యి పెట్టాడు, కానీ గురువు కట్టిన గజ్జె శిష్యుడు విప్పకూడదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అసలు తంటా తర్వాత మొదలైంది. ఆ గుంజకు పాడి ఎనుమును కట్టేస్తారు. అది మెడ విదిలిస్తే చాలు, గుంజ కదులుతుంది. గడ్డికి ఘల్లు, కుడితికి ఘల్లు, దోమ కుట్టినా ఘల్లు. ముప్పై అయిదేళ్ళు తన కాలికి కావాలని కలగన్న చప్పుడు ఇప్పుడు ఎనుము చేస్తోంది.

"ఏం మద్దిలేటీ, మీ ఎనుముకు గజ్జెపూజ అయిపోయిందంట కదా!" అని దారిన పోయేవాళ్ళు కూడా పలకరించడం మొదలుపెట్టారు.

రెండు రోజులు చావిడి వైపు పోలేదు. రంగన్న ఎదుట గురువే జతగా నిలబడి ఆడుతున్నాడని తెలిసింది. అది విన్నాక అన్నం సహించలేదు.

కానీ పోతే పోయిందిలే అనుకునే మనిషి కాదు మద్దిలేటి. బండ ఒక పక్క చీలకపోతే ఇంకో పక్క ఉలి పెట్టే రకం. మూడోరోజు గని నుంచి వస్తూనే ముఖం కడుక్కుని, కోలలు తీసుకుని చావిడి దగ్గరికి పోయాడు. గురువు పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆ సాయంత్రం మద్దిలేటి మెత్తగా ఆడాడు. రంగన్న వేలికి తగలకూడదని కోల తగిలీ తగలనట్టు ఆనించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నిజమే. కోలల చప్పుడు కూడా లేదు.

హుసేనయ్య పాట ఆపాడు. "దెబ్బ తగ్గించమని నేను చెప్పినానా?"

గట్టిగా కొడితే తప్పు, మెల్లగా కొడితే తప్పు. ఇంకేం చెయ్యాలి? ఇంటికొచ్చి కొట్టంలో నిలబడ్డాడు. గుంజ మీద కోల వెయ్యబోయాడు, గజ్జెలు ఎక్కడ మోగుతాయోనని వెయ్యలేకపోయాడు. వంటింటి వైపు చూస్తే కుళ్ళాయమ్మ సంగటి ఎనుపుతోంది.

"ఏమే, ఇట్ల రా. నా ఎదురుగా నిలబడు."

"సంగటి మాడిపోతాది."

"మాడనీ."

ఆమె ఒక చేతిలో సంగటి తెడ్డుతో, ఇంకో చేతిలో పప్పుగుత్తితో వచ్చి నిలబడింది. మద్దిలేటి పాట అందుకుని కోల విసిరాడు. తెడ్డు ఎగిరి కుడితి తొట్టిలో పడింది.

"తాళం చూసుకోవేమే!" అని అరిచాడు.

కుళ్ళాయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు తాళాన్నే చూస్తాండావు. నన్నెప్పుడు చూస్తావు? నా చెయ్యి వచ్చిందాకా కాసుకుంటే నీ సొమ్మేం పోయింది? గని నుంచి నువ్వొచ్చిందాకా ఇరవై రెండేండ్లుగా నేను కాసుకోలేదా?"

రాళ్ళు కూలిన కబురు ఎప్పుడొచ్చినా ఆమె గడపలో నిలబడే ఉండేది. ఆ సంగతి మద్దిలేటికి తెలుసు. తెలిసీ ఎప్పుడూ తలుచుకోలేదు.

వంగి తెడ్డు తీసి, తన పైగుడ్డతో తుడిచి, ఆమె చేతికిచ్చాడు.

మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. ఈసారి ఆమె వైపు చూస్తూ ఆడాడు. ఆమె చెయ్యి ఆలస్యంగా లేచింది. అతని కోల లేచి, గాలిలో నిలబడింది. జబ్బ లాగింది. సుత్తి ఎత్తి కొట్టడం కంటే ఎత్తిన కోల ఆపడం కష్టమని అప్పుడు తెలిసింది. తెడ్డు వచ్చింది. టక్కుమంది.

"ఇదేమో బాగుంది" అంది కుళ్ళాయమ్మ.

సంగటి మాడిపోయింది. ఇద్దరూ అదే తిన్నారు.

ఆ తర్వాత ఐదు రోజులు తెల్లవారుజామున కొట్టంలో జత మారింది. ఆమె తప్పుతుంది, నవ్వుతుంది, మధ్యలో పాలు పొంగాయని పరిగెత్తుతుంది. అతను కోల ఎత్తి నిలబడతాడు. మొదటి రోజు విసుక్కున్నాడు. రెండో రోజు పళ్ళు బిగబట్టాడు. తర్వాత విసుగు ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు.

గజ్జెపూజకు ముందురోజు చావిడి ముందు చివరి సాధన. తిరుగుడు కోపు వచ్చింది. అక్కడే రంగన్నకు ఎప్పుడూ భయం. వేలికి గుడ్డ చుట్టుకుని ఆడుతున్నాడేమో, తిరగడంలో వెనకబడ్డాడు. ఇక దెబ్బ పడుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే మద్దిలేటి కోల తన ఎదుట నిలబడి ఉంది. మద్దిలేటి కళ్ళు తన ముఖం మీదే ఉన్నాయి. రంగన్న చెయ్యి ఎత్తాడు. రెండు కోలలూ కలిసి మోగాయి.

గురువు పాట ఆపలేదు.

మరునాడు పొద్దున పూజ. ఊరంతా వచ్చింది. రాముడి పటం ముందు కొత్త గుడ్డ పరిచి గజ్జెలు పేర్చారు. హుసేనయ్య టెంకాయ కొట్టించి, ఒక్కొక్కరినే పిలిచి, వంగి, కాళ్ళకు కట్టాడు. ఒకటి, రెండు... పదిహేనో జత రంగన్నకు కట్టాడు. గుడ్డ ఖాళీ అయింది.

మద్దిలేటి వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి, బండలు పగలగొట్టే మనిషి, ఏడుపు ఆపుకోలేక తల దించుకున్నాడు.

"ఏమప్పా, అట్ల నిలబడితివి?" అన్నాడు గురువు.

"నా గజ్జెలు సామీ..."

"నీవి నా దగ్గర యాడుండాయి? పెట్టిన చోటే ఉండాయి. పోయి విప్పుకొని రాపో."

మద్దిలేటి తలెత్తి చూశాడు. చూసి, ఒకటే పరుగు.

కొట్టంలో ఎనుము గుంజకు ఒళ్ళు రుద్దుకుంటోంది. గజ్జెలు ఘల్లుఘల్లుమంటున్నాయి. దాన్ని తోసెయ్యలేదు, అదిలించలేదు. అది తనంతట తాను పక్కకు జరిగేదాకా ఆగాడు. వంగి ఒక ముడి విప్పాడు, రెండో ముడి విప్పాడు. గజ్జెలు కళ్ళకద్దుకుని గుంజకు దండం పెట్టాడు.

దోసిట్లో పట్టుకుని తిరిగొచ్చేసరికి, ఆట మొదలైపోయి ఉంటుందని అతని భయం. చావిడి మలుపు తిరిగాడు. చప్పుడు లేదు.

పదిహేను మందీ గుండ్రంగా నిలబడి ఉన్నారు. రంగన్న ఎదుట ఒక చోటు ఖాళీగా ఉంది. అందరి కోలలూ పైకి లేచి ఉన్నాయి. ఎత్తిన చెయ్యి ఒక్కరూ దించకుండా అతని కోసం కాసుకుని ఉన్నారు.