దీవెనమ్మ షెడ్డుకు రెండు తలుపులు

"అయ్యగారూ, నేను విశ్వాసం వదిలిపెట్టలేదు. మరి అదెప్పుడు పోయినట్టు?"

ఈ ఒక్క మాట అడగడానికి ఓబద్య రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చాడు. మదనపల్లె దగ్గర ఒక పల్లెలో పద్నాలుగేళ్లుగా సంఘం నడుపుతున్నాడు. వేలెత్తి చూపించే తప్పు ఒక్కటీ చేయలేదు. ఆదివారం ప్రసంగం ఇప్పటికీ తడుముకోకుండా చెప్తాడు, ఆడవాళ్లు కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంటారు. కానీ మోకరించి కళ్లు మూస్తే లోపల ఏమీ ఉండటం లేదు. ఈ నెలతో సేవ మానేద్దామనుకున్నాడు. మానేసే ముందు, తనకు బాప్తిస్మమిచ్చిన నతానియేలు అయ్యగారికి ఒక మాట చెప్పడం ధర్మం కదా అని వచ్చాడు.

అయ్యగారికి జవాబులు చెప్పే అలవాటు వయసులో ఉన్నప్పుడే లేదు, డెబ్బై ఎనిమిదో ఏట కొత్తగా ఎక్కడినుంచి వస్తుంది? ఎవరేమడిగినా ముందు చేతికేదో పని తగిలిస్తారు. ఆ రోజూ అంతే. "మంచి సమయానికి వచ్చినావు. దీవెనమ్మ కంటి ఆపరేషనుకు పోతాంది. మూడు దినాలు పురుగులను చూడమనింది. నా మోకాళ్లు ఆకు మోసేట్టు లేవు" అన్నారు.

దీవెనమ్మ ఆ వీధి చివర ఉండే విధవరాలు. పట్టుపురుగులు పెంచుతుంది. పంట దక్కితే ఇల్లు గడుస్తుంది, దక్కకపోతే కూలికి పోతుంది. సంచి చంకన పెట్టుకుని బస్సుకు బయల్దేరుతూనే ఆమె ఓబద్యకు షెడ్డు చూపించింది.

"మేత వేసేది ఎవురైనా వేస్తారు. ఈ తలుపులే చూసుకోవాల. బయట చెక్క తలుపు, లోపల వల తలుపు. ఒకటి మూసినాకనే ఇంకోటి తియ్యాల. వానాకాలం గదా, ఊజీ ఈగ ఎక్కువ. దూరిందంటే పురుగు మీద గుడ్డు పెట్టేసి పోతాది."

మొదటి రోజు ఓబద్య ఆ తలుపులను దేవుని మందసాన్ని కాచినట్టు కాచాడు. రెండో రోజు ఫోన్లు మొదలయ్యాయి. తన సంఘం గుడి కప్పుకు రేకులు తెస్తున్న లారీ దారిలో ఆగిపోయింది. కూతురికి నర్సింగు సీటు వచ్చిందో రాలేదో తేలలేదు. సమాధుల తోట గోడ దగ్గర ఇద్దరు సంఘస్థులు చొక్కాలు పట్టుకున్నారు. షెడ్డు లోపల సిగ్నలు అందదు కాబట్టి మోగినప్పుడల్లా బయటికి పరుగు. తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతుల్లో మల్బరీ మోపు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఆ అవస్థలో రెండు తలుపులు వరసగా తీసి మూయడం ఎవరి తరం? వల తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టాడు. ఒక్క నిమిషమే అనుకున్నాడు. ఆ నిమిషం మూడో రోజు సాయంత్రం దాకా సాగింది. అయ్యగారు ఇంట్లో మోకాళ్లకు ఆముదం పట్టించుకుని పడుకుని ఉన్నారు, ఆయనకేం తెలుసు?

నాలుగో రోజు పొద్దున, దీవెనమ్మకు షెడ్డు అప్పగించబోతూ చూస్తే, కొన్ని పురుగుల వీపున ఆవగింజంత నల్లచుక్క కనబడింది. ఏదో మచ్చ అనుకున్నాడు. చుక్క ఉన్నవీ లేనివీ ఒకే తీరుగా ఆకు మేస్తున్నాయి, ఇంకేం భయం?

పట్టుగూళ్లు ఏరే రోజుకు మళ్లీ రమ్మని అయ్యగారు కబురు పెట్టారు. పురుగులు గూడు అల్లుకునే వెదురు చంద్రికల నిండా తెల్లటి గూళ్లు. చూడగానే ఓబద్యకు ప్రాణం లేచివచ్చింది. దీవెనమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఒక గూడు తీసి, వేళ్లతో తిప్పి, పక్క తట్టలో పడేసింది. ఇంకొకటి పడేసింది. ఓబద్య ఒకటి తీసి చూశాడు. పైకి నిండుగానే ఉంది, ఒక కొసన మాత్రం సన్నటి చిల్లు. లోపల పురుగును తిన్న ఈగపిల్ల తొలుచుకుని పోయిన దారి అది. చిల్లుపడిన గూటినుంచి దారం తీయలేరు. మధ్యాహ్నమయ్యేసరికి పక్క తట్టే ఎక్కువ నిండింది.

"ఇటుక పెట్టింది నేనేనమ్మా" అన్నాడు ఓబద్య. లారీ సంగతి, సీటు సంగతి, గోడ సంగతి అన్నీ చెప్పాడు. చెప్తుంటే తన మాటలు తనకే సిగ్గనిపించాయి, అందులో అబద్ధం ఒక్కటీ లేకపోయినా.

ఆమె చేతులు ఆగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈగ కోసరమని ఎవురైనా తలుపు తీస్తారా అయ్యా? అందరమూ ఏదో ఒక పని మీదనే తీస్తాం" అంది. కాసేపటికి, "రేపటి నుంచి టమాటా కోతకు పోవాల" అని తనలో తాను అనుకుంది.

ఆ సాయంత్రం గురుశిష్యులిద్దరూ అయ్యగారి గదిలో ప్రార్థనకు కూర్చున్నారు. ఓబద్య కళ్లు మూసుకున్నాడు. ఎప్పటిలాగే లోపల ఏమీ లేదు. ఒళ్లంతా అలిసిపోయి ఉంది. అయినా కూర్చున్నాడు. అంతలో జేబులో ఫోను మోగింది. రేకుల లారీ అతనే. చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. తీస్తే ఒక తప్పు, తీయకపోతే ఇంకో తప్పు అన్నట్టు ఉండిపోయాడు.

అయ్యగారు కళ్లు తెరవలేదు.

"పోయి మాట్లాడిరా నాయనా, అవసరమే అయ్యుంటాది" అన్నారు. "వచ్చేటప్పుడు మాత్రం తలుపు వేసుకుని రా."