లోవరాజు చెయ్యి పెట్టిన తొమ్మిది ఇళ్ళు

కళ్ళు ముయ్యమని ఎన్నిసార్లు చెప్పానే నీకు? సరే, పక్కకి జరుగు. కాళ్ళు నా మీద వెయ్యకు, మోకాలు నొప్పి.

అనగనగా సముద్రానికి కాస్త ఇవతల తాటిదిబ్బ అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మేడలూ మిద్దెలూ లేవు, అన్నీ తాటాకిళ్ళే. ఆ ఇళ్ళకి ఆకు కప్పేవాడు లోవరాజు. పనిమంతుడు. వాడు కప్పిన ఇంట్లో నాలుగేళ్ళు చుక్క కారేది కాదు. బుద్ధి దగ్గరే వచ్చింది చిక్కు. ఎవరు పిలిచినా కాదనలేడు, పని ఇంకొకడికి పోతే ఓర్వలేడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంటి కప్పు మీద ఒకడు చెయ్యి పెట్టాడంటే, రెండోవాడు దాన్ని ముట్టకూడదు. ముట్టాలంటే మొదటివాడే వచ్చి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, నలుగురూ వినేలా "నా చెయ్యి తీశాను" అనాలి. అలా అనడం చచ్చేంత నామోషీ. ఊరు పుట్టాక ఆ మాట అన్నవాడు లేడట.

ఎండాకాలం వచ్చింది. ఒకరు పిలిస్తే లోవరాజు వెళ్ళాడు. పాత ఆకంతా పీకేసి, చూరు దగ్గర రెండు వరసలు కొత్త ఆకు కట్టాడు. ఇంతలో ఇంకొకరు పిలిచారు. తను వెళ్ళకపోతే పొరుగూరి పోతురాజు వచ్చి చెయ్యి పెట్టేస్తాడని భయం. అప్పుడు ఇది వదిలేసి అక్కడికి పరుగెత్తాడు. అక్కడా రెండు వరసలే. ఆ తర్వాత మూడో ఇల్లు.

"ఏమయ్యా, మూడిళ్ళు అలా వదిలేశావేం?" అని వాడి పెళ్ళాం నూకరత్నం అడిగింది.

"మిగిలింది కాస్తేనే, రేపు చేసేస్తా" అన్నాడు.

అప్పటికి అది నిజమే. ఇవాళ్టి పని కాస్త రేపటికి ఉంటే మిగిలిన పని అంటారు, అందులో తప్పేం లేదు. అప్పుడు మూడిళ్ళు కాస్తా ఆరయ్యాయి. "ఇది మిగలడం కాదు, పోగుపడడం" అని నూకరత్నం కసిరింది. ఆ తర్వాత తొమ్మిదయ్యాయి. ఈసారి ఆమె కసరలేదు. ఆమెకి భయం వేసింది. "పని పేరుకుపోయిందయ్యా" అంది మెల్లిగా.

పేరుకోవడం అంటే తెలుసా? చలికాలం గిన్నెలో నెయ్యి చూశావుగా, గరిటె పెట్టినా కదలదు, అదీ. మీ నాన్న పొద్దస్తమానం ఫోన్లో పెండింగు పెండింగు అంటాడే, అదీ ఇదే. పేరు మార్చి పిలిస్తే తరిగిపోతుందా, నా మొహం.

తొమ్మిదో ఇల్లు సూరమ్మది. ఆమె మొగుడు ఉప్పుమళ్ళలో పనికి వెళ్ళాడు. పురుడికి ఇంకా నెల ఉంది, ఈలోగా కప్పేస్తానని లోవరాజు ఆ ఇంటి ఆకు కూడా పీకేశాడు. పిల్లేమో ఆగలేదు. నెల ముందే పుట్టేసింది, ఇంతే ఉంది, నా అరచెయ్యంత. "దీనికి తడి తగలకూడదు. ఒక్కసారి తడిసిందా, ఇంక దక్కదు" అని మంత్రసాని చెప్పింది. వేరే ఇంటికి మార్చేద్దామంటే, పదకొండో రోజు నీళ్ళు పోసేదాకా బాలింత గడప దాటకూడదు. అప్పటికి ఆరో రోజే.

వానకి ఇంకా పదిరోజుల గడువుంది అనుకున్నారు అందరూ. ఆ మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. గాలి ఆగిపోయింది. కోళ్ళు గంపల కిందికి దూరాయి.

లోవరాజు నిచ్చెన ఎత్తుకుని పరుగెత్తాడు. మొదటింటి మీద నాలుగు ఆకులు కట్టాడు. రెండో ఇంటివాళ్ళు కేకేస్తే అక్కడ నాలుగు కట్టాడు. అప్పుడు మూడో ఇంటికి పోయాడు. ఏ ఇల్లూ ముయ్యలేదు. తొందరలో తాడు ముడిపడడం లేదు.

నూకరత్నం వచ్చి నిచ్చెన పట్టుకుంది. "దిగు. వానలోపు నువ్వు ఒక్క ఇల్లే కప్పగలవు. అది ఏ ఇల్లో నీకు తెలుసు."

"మిగతా ఎనిమిదీ?"

"పోతురాజుకి నిన్ననే నేను కబురు పెట్టాను. మనుషులతో, ఆకుబళ్ళతో వచ్చి ఊరి మొదట్లో నిలబడ్డాడు. నువ్వు చెయ్యి తీస్తే గానీ ముట్టడు."

లోవరాజు మొహం మాడిపోయింది. "రేపటి నుంచి ఈ ఊళ్ళో తలెత్తుకోగలనా?" అన్నాడు.

"నీ తల సంగతి రేపు చూద్దాం. ఆ పిల్లకి రేపు కావాలి" అంది నూకరత్నం.

దూరంగా ఉరిమింది. లోవరాజు వెళ్ళి మొదటింటి గుమ్మం ముందు నిలబడ్డాడు. నోట్లో నోట్లోనే గొణిగాడు. "వినపడలేదు" అన్నాడు ఇంటాయన. మళ్ళీ చెప్పాడు. రెండో గుమ్మం దగ్గర తల వంచుకుని చెప్పాడు. మూడో గుమ్మం నుంచి ఇంక సిగ్గు చూసుకోలేదు. ఎనిమిదోదాకా పరుగెడుతూనే చెప్పుకుంటూ పోయాడు. వెనకాలే పోతురాజు మనుషులు నిచ్చెనలు వేసేశారు.

అప్పుడు సూరమ్మ ఇల్లెక్కాడు. నూకరత్నం కింద నుంచి ఆకు అందిస్తోంది, వాడు పైన కడుతున్నాడు. ఒక వరస, ఇంకో వరస. లోపల సూరమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దాని మీదికి వంగిపోయి కూర్చుంది. తన వీపు తడిసినా పర్వాలేదని. నడినెత్తిన, రెండు వాలులూ కలిసే కొప్పు ఒక్కటే మిగిలిందనగా వాడి మెడ మీద మొదటి చినుకు పడింది. ఆ తర్వాత ధారలే. వాడు ఆ కంత మీద బోర్లా పడుకుని, ఒళ్ళు అడ్డం పెట్టి, చేతులు చాచి చివరి ఆకులు బిగించి కట్టాడు.

పురిటింట్లోకి మగవాడు తొంగిచూడకూడదు కదా. అందుకని పై నుంచే కేకేశాడు.

"సూరమ్మా, పడుతోందా?"

"ఇటు మూల పడుతోంది అన్నా."

ఆ మూలకి పాకి రెండాకులు దోపాడు. "ఇప్పుడో?"

"ఒక్కో చుక్క."

ఇంకో ఆకు దోపి, ముడేసి, మళ్ళీ అడిగాడు. జవాబు లేదు. గట్టిగా అడిగాడు. లేదు. కప్పుకి చెవి ఆనించి విన్నాడు. ఏమే, భయపడకు, నేనున్నాగా.

నూకరత్నం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఎంతకీ బయటికి రాదు. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి గుమ్మంలోకి వచ్చి, పైకి చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"అరవకయ్యా. తల్లీ పిల్లా నిద్రపోతున్నారు."

లోవరాజు ఆ కప్పు మీదే కూలబడి, వానలో వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడాది వాడు పూర్తి చేసిన ఇల్లు అదొక్కటే. ఆ తర్వాత దిగివచ్చి, పోతురాజు ఎక్కిన నిచ్చెన కింద నిలబడి, వాడికి ఆకు అందించడం మొదలుపెట్టాడు.

కథ పోయె కంచికి,
కప్పు చేరె కొంపకి,
వాన పోయె ఏటికి,
మనం పోదాం నిద్రకి.