సుంకమ్మ కొట్టిన నగారా

అనగా అనగా అని మా అవ్వ అన్నది, నేను విన్నాను, ఇప్పుడు మీ వంతు. చెవులిటు పారేయండి!

ఒక కొండ. కొండ మీద కోట. కోటకు మున్నూరు మెట్లు. కింది మెట్టు పక్కన సుంకమ్మ అంబలి అమ్ముకునేది. ఆమె దగ్గర రోజూ అంబలి తాగేవాడు ఓబన్న. ఒకప్పుడు కోట గుమ్మం కాచిన సిపాయి. యుద్ధంలో తొడకు బాణం తగిలింది. ఏళ్లు గడిచినా పుండు మానలేదు. ఆ ఏడు కాలు కుండంత వాచి, ఒళ్లు పెనంలా కాలిపోతా ఉంది.

"అన్నా, సిపాయిలకు చచ్చేదాకా వైద్యం చేయాలని రాజే చెప్పినాడు కదా! పైన వైద్యుడున్నాడు కదా!"

"తన కాళ్ల మీద ఎక్కి వచ్చినోడికేనంట లేమ్మా."

సుంకమ్మకు ఒళ్లు మండింది. చెంగు బిగించి మున్నూరు మెట్లూ ఎక్కింది. "సామీ, కిందికి రాండి!"

వైద్యుడు మందు నూరతా తలెత్తలేదు. "తన కాళ్ల మీద రావాల. నేను దిగను."

మర్నాడు మళ్లీ ఎక్కింది. కాళ్లు పట్టుకుంది. "తన కాళ్ల మీద రావాల. నేను దిగను."

మూడోనాడు ఏం చేసిందనుకున్నారు? ఓబన్నను వీపునేసుకుని ఎక్కింది! పది మెట్లు, నూరు మెట్లు, మున్నూరు మెట్లు! అయినా ఆ మహానుభావుడు ఏమన్నాడు?

"వచ్చింది నీ కాళ్ల మీద. చెల్లదు పో."

మోసుకుని దిగింది. ఓబన్నకు తెలివి తప్పింది. అమ్మో, ఈ పొద్దు దాటడని సుంకమ్మకు తెలిసిపోయింది.

కింది మెట్టు దగ్గరే యుద్ధ నగారా ఉండేది. అది మోగితే రాజుతో సహా కోటంతా దిగాల. వైద్యుడు మందుల సంచితో దిగాల. యుద్ధం లేకుండా కొడితే మాత్రం చెయ్యి నరుకుతారు.

కొట్టింది. ధమ్! ధమ్! ధమ్!

అప్పుడు చూడాల కోటను! గరిటెతో వంటవాడు, సగం చుట్టిన తలపాగాతో రాజు, ఎగిరెగిరి పడే సంచితో వైద్యుడు! దిగనన్నవాడే అందరికంటే ముందు దిగినాడు!

"శత్రువులేరీ? యుద్ధమేదీ?" అన్నాడు రాజు.

సుంకమ్మకు భయమే. అయినా ఓబన్న వైపు కుడిచెయ్యి చాపింది. "ఇదిగో దొరా, యుద్ధం. ఈయన కాల్లో ఇంకా జరుగుతానే ఉంది. ముందు అది చూడండి, ఆనక ఈ చెయ్యి నరుక్కోండి."

రాజు కళ్లెర్ర చేస్తే వైద్యుడు కూలబడి పుండు కోసినాడు. తుప్పు పట్టిన బాణం ములికి బయటపడింది!

రాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి చూసి అన్నాడు. "యుద్ధం ఉండగానే కొట్టింది. ఆ చేతి జోలికి ఎవరూ పోగూడదు. వైద్యుడు ఇకమీదట కింది మెట్టు మీదే కూర్చోవాల."

ఓబన్న బతికినాడు. చానా ఏళ్లకు సుంకమ్మ పోయిననాడు నగారా కొట్టింది ఆయనే. కోటంతా దిగి వచ్చింది.

ఆ ఊళ్లో ఈనాటికీ ముసలి సిపాయి ఆసుపత్రి గుమ్మం ముందుకొస్తే లోపలికి నడవమనరు. గుమ్మం పక్కనున్న నగారాకు ఒక్క దెబ్బ వేస్తారు. డాక్టరే పరిగెత్తుకొస్తాడు. కాస్త ఆలస్యమైందా, జనం ఊరుకోరు. "సుంకమ్మ చెయ్యి చాపింది, దిగు సామీ!" అని కేకలేస్తారు.