చీమలు చెప్పిన సాక్ష్యం

అనగనగా ఒక అడవి. అందులో చెట్ల కన్నా బోర్డులే ఎక్కువ. వాగు ఒడ్డున ఉన్న బోర్డు అన్నిటికన్నా పెద్దది. దాని మీద ఇలా రాసి ఉంది:

‘చెదపురుగులు మానండి. దుంపలు మానండి. మూడు పూటలా ఈతపండ్ల పానకం తాగండి. ఇట్లు, ఆరోగ్య సభ.’

ఎలుగుబంటి భల్లమ్మ దాన్ని బుద్ధిగా చదివింది. బుద్ధిగా తాగింది. పుట్టలు తవ్వడం మానేసింది. ఇక తిరగాల్సిన పనేముంది? మధ్యాహ్నమంతా నిద్రే.

ఏడాది తిరిగేసరికి దానికి ఒకటే దాహం. వాగంతా తాగినా తీరదు. సభకు వెళ్ళి చెప్పింది.

“ఇంకో దొప్ప పానకం తాగమ్మా” అన్నాడు అధ్యక్షుడు దుప్పి.

తర్వాత కాలికి ముల్లు గుచ్చుకుంది. నెల దాటినా పుండు మానలేదు. మళ్ళీ వెళ్ళింది.

“వేళకు తాగుతున్నట్టు లేవు” అన్నాడు దుప్పి.

మూడోసారి వెళ్ళినప్పుడు కళ్ళు మసకబారి దారే సరిగ్గా కనబడలేదు.

“బోర్డులో తప్పుండదు. నీకే క్రమశిక్షణ లేదు” అన్నాడు దుప్పి.

భల్లమ్మ ఏడుస్తూ ఇంటికొచ్చింది. పక్క పొదలో ఉండే ముళ్ళపంది ముళ్ళితో చెప్పుకుంది. “కాలు పోయేట్టుందే ముళ్ళీ! చెట్టెక్కలేని ఎలుగు ఎలా బతుకుతుందే?”

ముళ్ళికి కోపమొస్తే ముళ్ళన్నీ లేచి నిలబడతాయి. ఇప్పుడు ఒక్కటి కూడా పడుకుని లేదు.

“చెప్పినట్టు చేసినవాళ్ళదే తప్పా? ఇదెక్కడి న్యాయం అత్తా!”

అంతలో చీమల బారు ఒకటి హడావిడిగా పోతూ కనిపించింది.

“ఎక్కడికర్రా అంత తొందర?” అని అడిగింది ముళ్ళి.

“భల్లమ్మగారు ఉచ్చ పోసిన చోటికి! తియ్యగా ఉంటుంది. రోజూ పండగే మాకు” అంది ముందున్న చీమ.

“ఛీ ఛీ!” అని భల్లమ్మ మొహం దాచుకుంది.

“సిగ్గెందుకత్తా, ఆగు. ఏమే చీమా, అత్త పుట్టలు తవ్వుకునే రోజుల్లో కూడా వచ్చేవాళ్ళా?”

“అబ్బే! అప్పుడు అటు తొంగి కూడా చూడలేదు.”

ముళ్ళి ఎగిరి గంతేసింది. “చూశావా! తాగిన తీపి నీ ఒంటికి పట్టడం లేదు. పదండి సభకు!”

సభ నిండుగా ఉంది. దుప్పి ఎత్తయిన బండ మీద కూర్చున్నాడు.

“ఈ సలహా పరీక్షించి ఇచ్చాం. పదిమంది దుప్పులు తాగారు. పదిమందీ బాగున్నారు” అన్నాడు.

“వాళ్ళు పొద్దస్తమానం పరిగెత్తేవాళ్ళు! ఎలుగుల్లో ఎంతమందిని చూశారు?” అంది ముళ్ళి.

దుప్పి బండ మీది ఆకుల్ని కాళ్ళ మీదికి లాక్కున్నాడు.

“అడవిపందుల్లో?”

దుప్పి గొంతు సవరించుకున్నాడు.

“కొండముచ్చుల్లో?”

“నోర్ముయ్! సభనే ప్రశ్నిస్తావా?”

“అడక్కుండా మింగమంటే అది సలహా కాదు, శాసనం!” అంది ముళ్ళి. “చీమలూ, మీకు ఎవరెవరి దగ్గర పండగో వాళ్ళ ముందు నిలబడండి.”

చీమలు కదిలాయి. ఒక బారు భల్లమ్మ ముందు ఆగింది. ఒకటి అడవిపంది ముందు, ఒకటి ముసలి కొండముచ్చు ముందు ఆగాయి. అన్నిటికన్నా పొడవైన బారు మాత్రం ఆగలేదు. బండెక్కింది. నేరుగా దుప్పి కాళ్ళ దగ్గరికి పోయింది.

సభంతా మెడలు చాచి చూసింది.

“అధ్యక్షుడయ్యాక మీరు పరిగెత్తడం మానేశారుగా” అంది చీమ మెల్లగా.

దుప్పి తల దించాడు. ఆకుల కింద దాచుకున్న వెనక కాలు బయటపెట్టాడు. గిట్ట పక్కన మానని పుండు. “నాకూ దాహం తీరడం లేదు. చెబితే బోర్డు పరువు పోతుందని ఊరుకున్నాను” అన్నాడు.

ఆ సాయంత్రం తన కొమ్ములతోనే బోర్డు పెకిలించాడు.

భల్లమ్మ పానకం మానింది. కుంటుతూనే మళ్ళీ పుట్టలు తవ్వింది. పుండు మెల్లగా మానింది. చెట్టెక్కింది. పోయిన చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చీమలు వేరే చోట పండగ వెతుక్కున్నాయి.

వాగు ఒడ్డున ఇప్పుడు చిన్న బోర్డు ఉంది. ‘తిన్నాక ఒంట్లో ఎలా ఉందో వచ్చి చెప్పండి. వింటాం.’

నీతి: సలహా మంచిదో కాదో బోర్డును చూసి కాదు, దాన్ని పాటించినవాళ్ళ ఒంటిని చూసి చెప్పాలి.