లోపలి రంగు

కోటలింగాచారిగారి షెడ్డులో కారు తలుపు తెరవాలంటే ముందు ఒక తంతు జరగాలి. గుమ్మం పక్కన బల్లమీద స్టీలు పళ్ళెం ఒకటి ఉంటుంది. ఉంగరం, గడియారం, కడియం, బెల్టు, జేబులో తాళాలు అన్నీ తీసి అందులో పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు కారులో కూర్చోవాలి. ఎంతటివాడైనా ఇంతే. ఒకసారి కాంట్రాక్టరొకాయన తన సొంత కారు చూసుకోవడానికి వచ్చి, నాలుగు వేళ్ళకున్న నాలుగు రాళ్ళ ఉంగరాలూ ఊడక అవస్థ పడుతుంటే, ఆచారిగారు సబ్బు తెచ్చి ఇచ్చారే తప్ప పట్టు సడలించలేదు. మొదట్లో నాకిదంతా ఆర్భాటంగానే తోచింది. నాది పక్కనే సీటు కవర్ల దుకాణం. మా రెండింటికీ మధ్య ఒక్క రేకు గోడ. అక్కడ దగ్గితే ఇక్కడ వినపడుతుంది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు.

ఆచారిగారిది కార్ల లోపలి పని. ఈ కాలపు కార్లలో గేరు చుట్టూ, డ్యాష్‌బోర్డుకి అడ్డంగా, తలుపులమీదా నల్లగా అద్దంలా మెరిసే పట్టీలు పెడుతున్నారు. చూస్తే గాజనిపిస్తాయి గానీ, అది ప్లాస్టిక్ మీద పలచగా పూసిన రంగు. కొత్తలో అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఉంగరం అంచు తగిలినా చాలు, గీత పడుతుంది. ఆర్నెల్లు తిరక్కుండా ఎండలో చూస్తే సన్నటి గీతలు సాలెగూడులా కనిపిస్తాయి. వాటిని పోగొట్టే మనిషి మా ఆటోనగర్ మొత్తానికి ఆయనొక్కడే. ఆ విద్య నేర్చుకుందామని రెండు నెలల కిందట ఆయన దగ్గర చేరాడు దొరబాబు. నలభై దాటిన మనిషి. పదహారేళ్ళు లారీ బాడీలకు రంగులు వేసి చెయ్యి తిరిగినవాడు. నోరు కూడా అంతగా తిరిగిందే. అతను ఏ బడ్డీకొట్టు దగ్గర నిలబడితే అక్కడ నలుగురు పోగవుతారు, నవ్వులు వినపడతాయి.

ఒక శుక్రవారం పొద్దున్న అతని గొంతు వేరుగా వినిపించింది.

"గురువుగారండి, ఒక మాట అడుగుతాను. తిట్టకండి."

"అడుగు."

"బయటివాళ్ళని ఎంత మాటన్నా దులిపేసుకుని పోతారు కదండి. ఇంట్లోవాళ్ళు ఒక్క మాటకే ఎందుకండి అంత ఇదైపోతారు?"

తర్వాత సంగతంతా అతనే చెప్పుకొచ్చాడు. పదకొండు రోజుల కిందట బావమరిది గృహప్రవేశం. పీటలమీది దంపతులకు హారతిస్తూ దొరబాబు భార్య వీరవేణి పాట అందుకుంది. ఇల్లంతా చుట్టాలు. ఇతను వెనకనుంచి, "కాస్త మెల్లిగా పాడవే, కొత్త గోడలు, బీటలిస్తాయి" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆవిడ పాట ఆపలేదు. చివరిదాకా పాడి, పళ్ళెం కింద పెట్టి, ఇంటికొచ్చింది. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి అన్నం వార్చేదాకా ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండే మనిషి, ఆ రోజునుంచి పాట ఎత్తలేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే.

"ఇంట్లో కుక్కరు ఈల తప్ప ఇంకో చప్పుడు లేదండి. ఆదివారం తణుకులో వాళ్ళక్క దగ్గరికి వెళ్తానంది. ఎప్పుడొస్తావే అంటే, చూద్దాం అంది. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదండి."

"నువ్వేం చేశావు?"

"ఊరుకుంటానాండీ! అయిదారుసార్లు కూర్చోబెట్టి చెప్పాను. అది తమాషాకన్నదే, నువ్వే పెద్దది చేస్తున్నావు, మా షెడ్డులో ఇంతకు పదింతలు అనుకుంటాం, సాయంత్రానికి కలిసి టీ తాగుతాం అని. చెప్పినకొద్దీ ఇంకా బిగుసుకుపోతోందండి."

నేను కుట్టుమిషను ఆపేశాను. నలుగుర్ని నవ్వించేవాడి గొంతులో అంత బెంగ వింటే నాకూ మనసు పాడైంది. ఇప్పుడు ఆచారిగారు ఏదో ఒక మంచిమాట చెబుతారని చెవులు రిక్కించాను. ఆయన చెప్పింది ఇది: "హైమవతి టీచరుగారి కారు వచ్చింది. డ్యాష్‌బోర్డు పట్టీ మీద దుమ్ము తడిగుడ్డతో తీసి ఉంచు. నేను వచ్చేదాకా అంతకుమించి ముట్టుకోకు." తర్వాత ఆయన రంగుల కొట్టుకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మనిషి అంత బాధ చెప్పుకుంటే దుమ్ము తుడవమనడమేమిటి!

దొరబాబు ఉంగరం, గడియారం తీసి పళ్ళెంలో పెట్టి కారులో కూర్చున్నాడు. దుమ్ము తీశాడు. గీతలు కనిపించాయి. సన్నటివే. తర్వాత అతనే చెప్పినట్టు, మనసెక్కడో ఉంది, చెయ్యి మాత్రం పదహారేళ్ళ పాత అలవాటుకి పోయింది. ఈ మాత్రం గీతలు లారీ తలుపుమీదైతే రెండు నిమిషాల పని. పాత సంచిలోంచి బయటి రంగుకు వాడే రబ్బింగు పేస్టు తీసి, గుడ్డకి రాసి, బొటనవేలు ఆనించి రుద్దాడు. గీతలు పోయాయి, వాటి చోట మబ్బు కమ్మింది. ఆ మబ్బు పోవాలని ఇంకాస్త రుద్దాడు. అంచు దగ్గర గోరంత తెల్లటి ప్లాస్టిక్ బయటపడింది. అది కనపడకుండా చుట్టూ సమం చేద్దామని రుద్దాడు. అరచేతంత అయ్యాక గాని గుడ్డ కింద పెట్టలేదు.

నేను వెళ్ళేసరికి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఆచారిగారూ వచ్చారు. వంగి చూశారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. శిష్యుణ్ణి దిగమని, అదే కారు ముందువైపుకి అతన్ని తీసుకెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశారు. దానిమీద కాకిరెట్టలు, వేపకాయల జిగురు, ఏ కుక్కో ఎక్కి పడుకున్న పాదాల గుర్తులు.

"ఇదంతా ఏం చేస్తే పోతుంది?"

"బకెట్టు నీళ్ళు కొడితే పోతుందండి."

"దీనికి ఎన్ని కోటింగులు వేస్తారు?"

"ప్రైమరు, పైన రెండు రంగు, దానిమీద మెరుపుకి రెండు క్లియరు. అయిదండి."

"లోపలిదానికి?"

"ఒకటి. మహా అయితే రెండు."

"అంత తేడా ఎందుకు?"

దొరబాబు ఆలోచించకుండానే జవాబు చెప్పాడు. "బయటిదైతే ఎండా, వానా, రాళ్ళ దెబ్బలూ కాయాలి కదండి. లోపల ఉండేదాన్ని ఎవరు కొడతారు, దానికి దెబ్బ తగలదన్న..." అంటూ ఆగిపోయాడు. "దెబ్బ తగలదన్న నమ్మకమండి" అని మెల్లిగా పూర్తిచేశాడు. ఆచారిగారు తెచ్చిన రంగు డబ్బా మూత తీసి చూసుకుంటూ ఉండిపోయారు.

పదకొండింటికి హైమవతి టీచరుగారు వచ్చారు. ఏభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుని కొనుక్కున్న కారు అది. ఆవిడకది బిడ్డతో సమానం. దొరబాబు ఎదురెళ్ళాడు. రంగు నాసిరకమండి, పైన సరిగ్గా పట్టలేదండి అంటాడేమోనని నేను చూస్తున్నాను. పెదవులదాకా వచ్చిందనే అనుకుంటాను. కానీ అతను, "అమ్మగారండి, నేనే పాడుచేశానండి. ముట్టుకోవద్దని గురువుగారు చెప్పినా వినలేదు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క కలపలేదు.

ఆవిడ మొహం చిన్నబోయింది. తలుపు తీసి, ఆ తెల్లటి మచ్చ పక్కన వేలు పెట్టి, చాలాసేపు చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగినట్టే ఉంది. దొరబాబు తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు. పక్కకి తప్పుకోలేదు. చివరికి ఆవిడే నిట్టూర్చి అన్నారు: "అసలు గీతలు పెట్టింది నేనేలెండి. దుమ్ము కనపడితే ఓర్చుకోలేక రోజూ చీర చెంగుతో తుడిచేదాన్ని. చెంగుకి జరీ ఉందని నాకు తట్టనే లేదు." తర్వాత ఆచారిగారి వైపు తిరిగి, "మళ్ళీ బాగవుతుందా అండీ?" అని అడిగారు.

"అవుతుందమ్మా. రుద్దితే కాదు. ఆ ముక్క ఊడదీసి, మొదట్నుంచి రంగు వెయ్యాలి. వేశాక నాలుగు రోజులు ఆరాలి. ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడకూడదు. వేలు పెడితే మళ్ళీ మొదటికొస్తుంది."

"నాలుగు రోజులేగా, ఆరనివ్వండి" అని ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ రోజంతా షెడ్డులో నవ్వులు లేవు. దొరబాబు పట్టీ ఊడదీశాడు, నీళ్ళలో ముంచిన గరుకు కాగితంతో నెమ్మదిగా సాపు చేశాడు, గురువుగారు చెప్పినట్టు పలచగా మొదటి పూత వేశాడు. దుమ్ము పడకుండా పైన అట్టపెట్టె బోర్లించాడు. రెండుసార్లు దాని దగ్గరికి వెళ్ళి, ఎత్తి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను నా కళ్ళతో చూశాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగాడు. పళ్ళెంలోంచి ఉంగరం తీసి వేలికి తొడుక్కున్నాడు. గడియారం తీసుకున్నాడు గానీ పెట్టుకోకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారండి, పొద్దున్న నేనడిగినదానికి మీరేం చెప్పలేదండి. ఎల్లుండే ఆదివారం. ఇంటికెళ్ళి ఏమనాలండి?"

ఆచారిగారు చేతులకంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్నారు. తల ఎత్తి చూడలేదు.

"ఆ పళ్ళెం కూడా పట్టుకుపో, దొరబాబూ. మీ గుమ్మంలో పెట్టుకో" అన్నారు.