కోడలు కడిగిన తోడుకర్ర

అనగనగా, సముద్రం కూడా చలికి బిగుసుకుపోయే ఉత్తరాన, ఒక ఊళ్ళో వైకింగులనే జనం ఉండేవారట కన్నా. ఓడలెక్కి ఊళ్ళన్నీ భయపెట్టేవారు. ఇంటికొచ్చి అమ్మని చూసి భయపడేవారు.

వాళ్ళు తినేది ఎండుచేప, బార్లీ రొట్టె, గట్టి పెరుగు. తాగేది బార్లీ కల్లు. నువ్వు పాలు తాగు, నాకేసి అలా చూడకు.

ఆ ఊళ్ళో సిగ్ని అని ఒక కొత్త కోడలు. మొగుడు ఆర్ని, అత్త గ్రోవ. వీళ్ళకీ పొరుగింటి ఊల్ఫ్‌కీ పెద్ద పగ. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం ఎవరిదని గొడవపడితే అటొకరు, ఇటొకరు చచ్చిపోయారు. తిమింగలాన్ని పక్షులు తిన్నాయి.

అప్పుడు ఊరిపెద్దలు రాజీ విందు పెట్టమన్నారు. గ్రోవ ఇంట్లో చేసిన కల్లు ఒకే ఎద్దుకొమ్ములో పోసి రెండిళ్ళవాళ్ళూ తాగాలి. కల్లు లేకపోతే రాజీ లేదు. రాజీ లేకపోతే మళ్ళీ గొడ్డళ్ళే. మొదటి వేటు ఆర్ని మీదే.

మన పెరుగుకిలాగే ఆ కల్లుకీ తోడు కావాలి. వాళ్ళ తోడు ఒక కర్రకి ఎండి అంటుకుని ఉంటుంది. దాంతో బార్లీ నీళ్ళు కలిపితే బుసబుసా పొంగుతాయి. సిగ్నికి శుభ్రం పిచ్చి. జిడ్డోడుతున్న ఆ కర్రని బూడిదేసి తోమి, మరిగే నీళ్ళలో కడిగి, తళతళలాడించింది.

ఆ కర్రతోనే కలిపారు. తెల్లారింది. పీపాలో చప్పుడు లేదు.

"కర్రనేం చేశావే?" అంది గ్రోవ.

"కడిగానత్తా."

గ్రోవ ఉన్నచోటే కూలబడింది.

అప్పుడు తేనె పోశారు. పొంగలేదు. ఆ తర్వాత పీపా చుట్టూ నిలబడి అరిచారు. అరిస్తే కల్లు నిద్రలేస్తుందని అక్కడి నమ్మకం. ఆర్ని గొంతు పోయింది, కల్లు మాత్రం లేవలేదు.

ఇంక మిగిలింది ఒకటే దారి. ఊల్ఫ్ చేపలవేటకి వెళ్ళడం చూసి, సిగ్ని వాళ్ళ గుమ్మమెక్కింది. ఊల్ఫ్ తల్లి తోరా ఒక్కతే ఉంది. ఆ గొడవలో పోయింది ఆమె పెద్దకొడుకే.

"పెద్దమ్మా, మా కర్ర కడిగేశాను, కాస్త తోడిస్తావా?"

తోరా లోపలికెళ్ళి వాళ్ళ తోడుకర్ర తెచ్చింది. "ఉన్న ఒక్కడూ మిగలాలి నాకు. తీసుకెళ్ళు. కడిగి మాత్రం ఇవ్వకు తల్లీ."

ఆ కర్రతో కలిపితే పీపా బుసబుసా పొంగింది. విందు రోజు అందరూ గొడ్డళ్ళు ఒళ్ళో పెట్టుకునే రొట్టెలు తిన్నారు. రాజీకి అలాగే వెళ్తారట. ఊల్ఫ్ కొమ్మెత్తి ఒక గుక్క తాగాడు. ఆగాడు. రెండో గుక్క తాగాడు. మొహం ఎర్రబడింది.

"ఇది మా ఇంటి కల్లు! దొంగలు!" అంటూ లేచాడు. గొడ్డళ్ళన్నీ లేచాయి.

"దొంగిలించలేదన్నా. తోడడిగి తెచ్చుకున్నాను," అంది సిగ్ని. వెళ్ళి మొగుడికి అడ్డంగా నిలబడింది.

ఊల్ఫ్ తల్లివైపు తిరిగాడు. తోరా నోట్లో ఎండుచేప ముక్క ఉంది. ఆమెకి పళ్ళేమో రెండో మూడో. నములుతోంది. అందరూ గొడ్డళ్ళెత్తి నిలబడ్డారు. ఆమె ఇంకా నములుతోంది.

చివరికి మింగింది.

"నేనే ఇచ్చాను. నేను తోడిచ్చిన ఇంట్లో గొడ్డలెత్తుతావా? ఆ కొమ్ము కింద పెడితే ఒరిగిపోతుంది. నా కల్లు ఒక్క చుక్క ఒలికిందో, నీ సంగతి చూస్తా. తాగు."

ఊల్ఫ్ ఒక చేతిలో గొడ్డలి, ఒక చేతిలో కొమ్ము. అమ్మని చూశాడు. గొడ్డలి కింద పెట్టాడు. సగం తాగి, మిగతా సగం ఆర్నికి అందించాడు.

ఆ తర్వాత ఆ రెండిళ్ళలోనూ ఒకే తోడు, ఒకే రుచి. సిగ్నిని మాత్రం ఆ కర్ర దగ్గరికి రానివ్వలేదట.

కల్లేమో కొమ్ములోకి,
కథేమో కంచిలోకి,
కన్నా, నువ్వూ నేనూ దుప్పట్లోకి.